కాలర్‌కి పట్టిన మాట

పిన్నికి కథ వినకపోతే చెయ్యి ఆడదు. అందుకని పొద్దున్నే ఆవిడ ఇస్త్రీ కొట్టు తెరిచి పెట్టెలో నిప్పులు రాజేస్తుంటే, అక్క కూతురు బోర్లించిన బకెట్ మీద కూర్చుని స్కూలు లైబ్రరీ నుంచి తెచ్చిన నవల విప్పేది. పిన్ని చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, "ఊఁ, కానీ" అనేది.

ఆ కొట్లో ఇస్త్రీ చేస్తుండగా చదివిన మాట బట్టకి పడుతుంది. కాలర్‌కి పట్టింది తొడుక్కున్నవాడి నోట్లోంచి బయటికొస్తుంది. అయితే లోపల ఆ మాట ఉన్నవాడికే వస్తుంది, లేనివాడికి ఉత్త దగ్గే. ఒక్క ఉతుకు పడితే పోతుంది. వీధిలో అందరికీ తెలిసిన సంగతే కనుక దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇవాళ ఏ పుస్తకమో కనుక్కుని బట్టలేసి పోతారు. మందుల షాపాయన పెళ్ళిమాట ఎత్తింది ప్రేమకథ నడిచిన వారంలోనే. అదే వారం చొక్కా వేసిన బస్సు కండక్టరు మూడురోజులు దగ్గి ఊరుకున్నాడు.

ఈ అమ్మాయి పోయినేడాది వేరే ఊరినుంచి వచ్చింది. పదహారేళ్ళది. చదవడానికి తప్ప నోరు తెరవదు. స్కూల్లో దానికి తాళంకప్ప అని పేరు. ఆ పాత ఊళ్ళో ఏం జరిగిందో పిన్నికీ చెప్పలేదు. చెప్పాలనిపిస్తే అదే చెబుతుందిలే అని పిన్నీ అడగలేదు.

ఈసారి తెచ్చిన నవల కూడా అలాంటి పిల్ల గురించే. పాత ఊళ్ళో ఎవడో పరువు తీస్తే కొత్త ఊరికొస్తుంది, వెనక బెంచీలో తలొంచుకు కూర్చుంటుంది, చివరికి పక్కసీటు పిల్ల గొడుగులోకి పిలిస్తే కొంచెం కొంచెంగా నవ్వుతుంది. దెయ్యాల్లేవు, రాకుమారుల్లేరు. బస్సు, గొడుగు, పరీక్షలు. తాళంకప్ప ఒక్కో అధ్యాయం రెండుసార్లు చదివేది. దాంతో వీధంతా ముభావంగా తయారైంది. ఎదురింటావిడ కూడా పక్కవాళ్ళ గొడవొస్తే "మనకెందుకులే" అనేసింది.

"త్వరగా ముగించవే తల్లీ, ఊసుపోక చస్తున్నాను," అంది పిన్ని.

ముగిసింది. ముగించి, పుస్తకం టపీమని మూసింది అమ్మాయి.

"ఇదేంటి పిన్నీ? దీని బతుకు నాశనం చేసినవాణ్ణి ఇది క్షమించేసిందట. వాడు అడగనైనా అడగలేదు."

"పుస్తకాలు కదే. అలాగే ఉంటాయి."

"నాకొద్దు అలాంటి ముగింపు."

అప్పుడే ఒకాయన తెల్లచొక్కా పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. ఊరికి కొత్త. "సోమవారం ఇక్కడి స్కూల్లో హెడ్మాస్టరుగా చేరుతున్నానమ్మా, మడత నిలవాలి," అంటూ బకెట్ వైపు చూసి ఆగాడు. తర్వాత నవ్వాడు.

"ఓహో, నువ్విక్కడ తేలావా? మా పాత స్కూల్లో చేసిన ఘనకార్యం ఇక్కడివాళ్ళకి తెలుసా? తెలీకపోతే చెప్పాలి కదా మరి. నా బాధ్యత."

"సాయంత్రం రండి సార్," అంది పిన్ని.

ఆయన వెళ్ళాడు. పిన్ని చొక్కా పరిచి, "ఏం చదువుతావు?" అంది.

అమ్మాయి నవలంతా తిరగేసింది. పిల్లకి పరువు పోయిన అధ్యాయం చదివితే ఆయన ఉత్తగా దగ్గుతాడు, జనం అయ్యోపాపం అంటారు. అది కాదు కావలసింది. తప్పు చేసినవాడు ఒప్పుకునే అధ్యాయం ఆ పుస్తకంలో లేనేలేదు. దాన్ని బల్లకింద పడేసింది. ఆయన నోట రావాలి కనుక ఆయనలాగే మొదలుపెట్టింది.

"నా కొడుక్కి పరీక్ష పేపరు నేనే ఇచ్చాను. బయటపడేసరికి, చాక్‌పీసులకోసం స్టాఫ్‌రూమ్‌కొచ్చిన పిల్లమీదికి తోశాను. తీస్తుంటే నా కళ్ళతో చూశానన్నాను. అందరి ముందూ నిలబెట్టి దాని సంచీ దులిపించాను. వాళ్ళమ్మ కూడా దాన్ని నమ్మలేదు. ఒక్క మాటైనా అడక్కుండా బస్సెక్కించింది."

పిన్ని చేతిలో ఇస్త్రీపెట్టె గాల్లోనే ఆగింది.

"మా అక్కా?"

"ఊఁ. అప్పట్నుంచి నేనూ అమ్మతో మాట్లాడలేదు."

పిన్ని చొక్కా తీసి చిక్కటి గంజిలో ముంచింది, పిండింది, మళ్ళీ పరిచింది.

"గంజితో పట్టింది ఎన్ని ఉతుకులేసినా పోదు. మొదట్నుంచి చెప్పు. కాలర్ నింపాదిగా చేస్తాను."

అమ్మాయి మళ్ళీ చెప్పింది. ఆ మీద ఇంకోసారి. ఏడాదిగా నమిలి మింగిన పగ నోట్లోకొస్తే ఇంత తియ్యగా ఉంటుందని దానికి తెలీదు. చొక్కా అట్టలా నిలబడింది.

సోమవారం స్కూలు ప్రార్థనలో తాళంకప్ప ముందు వరసలో నించుంది. ఆయన మైకు ముందుకొచ్చి, "విద్యార్థులారా," అన్నాడు. వేలు కాలర్‌లో దూర్చి సర్దుకున్నాడు. "నా కొడుక్కి పరీక్ష పేపరు నేనే ఇచ్చాను," అన్నాడు. అరచేత్తో నోరు మూసుకున్నాడు. మాటలు వేళ్ళసందుల్లోంచి వచ్చాయి. చాక్‌పీసులూ సంచీ అన్నీ వచ్చాయి. టీచర్లంతా ఆ కొట్టు బట్టలు తొడిగినవాళ్ళే, అది నిజమేనా అని ఎవరికీ అనుమానం రాలేదు. అమ్మాయికి కడుపు నిండినట్టుంది.

"వాళ్ళమ్మ కూడా దాన్ని..." అంటూనే ఆయన దగ్గాడు. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ దగ్గాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా దగ్గాడు. ఆ మాట ఆయన లోపల లేదు. అమ్మాయి ముఖంలో నవ్వు పోయింది.

దగ్గు వెనక, గంజి పట్టుకి, అమ్మాయి ఇస్త్రీలో చెప్పని మాట కూడా ఆయన లోపల్నుంచి ఊడొచ్చింది. "వాళ్ళమ్మ నమ్మింది. నా బిడ్డ తియ్యదని నా ముఖాన్నే అంది. నోరెత్తితే పిల్లని పోలీసులకి పట్టిస్తానన్నాను. పిల్లకి కూడా చెప్పకుండా ఊరు దాటించమన్నాను."

మధ్యాహ్నం బస్సుకే ఆయన వెళ్ళిపోయాడు. టికెట్ కొడుతూ కండక్టరు ఆ కథంతా మొదట్నుంచి విన్నాడు. ఆయన ఒంటిమీద అదే చొక్కా మరి.

అమ్మాయి పరుగెత్తుకుంటూ కొట్టుకొచ్చింది.

"తీరిందా?" అంది పిన్ని.

"అమ్మకి ఫోన్ కలుపు."

అవతల "హలో" అని వినిపించింది. అమ్మాయి తన యూనిఫాం కాలర్ తడుముకుంది. దాన్ని ఆ పొద్దున పిన్ని ఏమీ చదివించకుండానే ఇస్త్రీ చేసింది.

"అమ్మా," అంది. "నేనే. ఇన్నాళ్ళూ నీమీద కూడా పగపట్టానే."