రవళి రాసిన సెలవు చీటీ

ఎడమ వైపు, పదకొండుకు ఎడమ వైపే, అనుకుంటూ స్టాఫ్‌రూములో గోడ గడియారం చూసి ఆగిపోయింది సుమిత్ర టీచర్, భర్త వెంకటేశం పోయి రెండు నెలలు, ఇంట్లో ఆ మంచం మీద మడత పెట్టిన దుప్పట్లు తప్ప తిప్పడానికి మనిషి లేడు, అయినా చేతులకు ఆ సంగతి తెలియదు, పక్షవాతంతో పడుకున్న ఆయనను నాలుగేళ్లు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పిన చేతులు, ఇంటర్వెల్లో పరుగున ఇంటికి పోయి వచ్చేది, ఎవరైనా అడిగితే సొంత పని అనేది, సెలవు చీటీలోనూ అదే, పిల్లలకూ అదే నేర్పింది, ఇంటి దగ్గర పని ఉన్నందున అని రాయమని, మరి ఈ ఎనిమిదో తరగతి రవళి ఎందుకిట్లా రాసింది, మా అమ్మను తిప్పాలి కాబట్టి రోజూ పదకొండుకు అరగంట పంపగలరని మనవి, అని, గుండ్రటి అక్షరాలతో, సిగ్గు లేకుండా.

హెడ్‌మాస్టర్ కామేశ్వరరావు ఆ చీటీని అందరికీ వినిపించేలా చదువుతున్నాడు, అమ్మను తిప్పుతదట, యాడికి తిప్పుతవే, ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికా, పటాన్‌చెరు అంగడికా, రోజూ షికారేనా, టీచర్లు నవ్వారు, గుమ్మం దగ్గర రవళి తల దించుకుంది, గట్ల కాదు సార్, అని ఆగింది, కంపెనీ బస్సు దిగుతూ పడి నడుము చచ్చుబడిన తల్లి రాధమ్మ, ఫస్టు షిఫ్టుకు పోయిన తండ్రి, అన్నీ సుమిత్రకు తెలుసు, పుండ్లు పడకుండా వీపుకు రాసే పౌడరు వాసన ఆ పిల్ల అరచేతుల్లో ఉంటుందని కూడా తెలుసు, ఒక్క మాట చెబితే సంతకం పడుతుంది, కానీ ఎందుకు చెప్పాలి, పదకొండుకు దానికి ఒక మనిషి ఉంది, వెచ్చటి బరువు, జెర మెల్లగ బిడ్డా అనే గొంతు, తనకేముంది, ఖాళీ అరగంట, పంపకండి సార్, అది కూడా ఇక్కడే కూర్చుని గడియారం చూడనీ, అనుకుంది, అనుకుని ఉలిక్కిపడింది, మూడు నెలల కింద తనిఖీ రోజున తను ఇదే గదిలో కూర్చుంది, పదకొండుకు ఇంటికి పోలేదు, సాయంత్రం చూస్తే ఆయన వీపు మీద రేగుపండంత ఎర్రటి మచ్చ.

పో మల్ల, క్లాసుకు పో, రేపు మీ నాయినను తోల్కరా, అన్నాడు కామేశ్వరరావు, రవళి కదలలేదు, నవ్వొస్తే నవ్వుండ్రి సార్, గని పంపుండ్రి, మా అమ్మకు ఈపుల పుండ్లయితయి, అంది, ఇంతమంది నవ్విన తర్వాత కూడా మళ్లీ అడిగింది, సుమిత్ర లేచి నిలబడింది, సార్, కదలలేని మనిషిని పక్కకు తిప్పాలె, తిప్పకుంటే తోలు చెడిపోతది, నేను గూడ నాలుగేండ్లు తిప్పిన, అంది, ఎవరూ నవ్వలేదు, ఆమె భర్తకు బాగాలేదని మాత్రమే ఎరిగిన పక్క కుర్చీలవాళ్లకు ఆ పరుగుల సంగతి ఇప్పుడే తెలిసింది, తను చెబితే కదా తెలిసేది, ఈర్ష్య ఇంకా చల్లారలేదు, కాకపోతే అది దేని మీదో తెలుస్తోంది, తల్లి బతికి ఉన్నందుకు కొంత, మిగతాదంతా, పదమూడేళ్ల పిల్లకు అడగడం వచ్చినందుకు.