టేపు లోపలి వేళ్ళు

సంచీ సర్దే పని మనవడు ఆమెకే వదిలేశాడు. రెండు జతల బట్టలు, పరుగు బూట్లు, తువ్వాలు, గ్లూకోజ్ పొట్లం, సర్టిఫికెట్ల నకళ్ళు మూడేసి, ఫొటోలు ఎనిమిది. అన్నీ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"అమ్మమ్మా, ఒక్కరోజు పరీక్షకి వెళ్తున్నానే. కాపురం మార్చట్లేదు."

"నోరు మూసుకో. ఫొటోలు తడిస్తే మళ్ళీ ఎవడిస్తాడు?"

"ఎండాకాలంలో ఎలా తడుస్తాయి?"

"నీ చెమటకి."

వాడు నవ్వి జిప్పు లాగాడు. ఆ చప్పుడుకి ఆమెకు కూతురు గుర్తొచ్చింది. పదిహేనేళ్ళ క్రితం కూతురు కూడా ఇలాగే సంచీ సర్దుకుని, నాలుగు రోజుల్లో వచ్చేస్తానని ఆసుపత్రికి వెళ్ళింది. రాలేదు. అయిదేళ్ళ పిల్లాడు ఈమె ఒళ్ళో పడ్డాడు. అప్పటినుంచీ ఎవరు ఊరికి బయలుదేరినా ఆమెకు అన్నం సహించదు.

ఆమె దర్జీ. ముందు గదే కొట్టు. నలభై ఒక్క ఏళ్ళుగా అదే మిషను. మనవడికి సైన్యంలో చేరాలని పిచ్చి. వద్దని ఒక్కసారే అంది. వాడు రెండు రోజులు మాట్లాడలేదు. ఇక ఆ మాట మింగేసి, వాడి తయారీలో తనూ ఓ చెయ్యి వేసింది. తెల్లారుజామున వాడు పరిగెడుతుంటే వీధి చివర గడియారం పట్టుకుని నిలబడేది. పాత పేపర్లు కూడబలుక్కుని చదువుతూ ప్రశ్నలు రాసిపెట్టేది.

ఇంటర్వ్యూ నేర్పే బాధ్యత ఎదురింటి బ్యాంకు కాపలాదారు తీసుకున్నాడు. వీధంతా ఆయన్ని కమాండర్ అంటారు. సైన్యంలో పదిహేడేళ్ళు ఆయన చేసింది వంట.

"సైన్యంలో ఎందుకు చేరాలనుకుంటున్నావ్?" అని గద్దించేవాడు కుర్చీలో బిగుసుకుని.

"జీతం కోసం సార్."

"ఏడ్చినట్టుంది. దేశం ముందు చెప్పు, జీతం తర్వాత."

"మీరేం చెప్పారు సార్?"

"నన్నడగలేదు. ఉల్లిపాయలు ఎంత సన్నగా తరుగుతావని అడిగారు."

ఛాతీ కొలత మాత్రం ఆమె పని. మామూలుగా ముప్పై రెండు అంగుళాలు ఉండాలి, గాలి పీలిస్తే ముప్పై నాలుగు. ప్రతి ఆదివారం వాణ్ణి అద్దం ముందు నిలబెట్టి, టేపు చుట్టి, అంకె గోడమీద సుద్దతో రాసేది. చివరి ఆదివారం ముప్పై రెండూ ముప్పావు వచ్చింది. గాలి పీలిస్తే ముప్పై అయిదు దాటింది.

"ముప్పావంగుళం మిగులు! నిన్ను ఛాతీలో కొట్టేవాడు పుట్టలేదురా" అంది.

ఉదయం బస్సుకి వెళ్ళినవాడు రాత్రికి గానీ రాడనుకుంది. మధ్యాహ్నం రెండింటికి గుమ్మంలో నీడ పడింది. ఎవరో బట్టలకి వచ్చారనుకుని తలెత్తింది. మనవడు. సంచీ చేతిలోనే ఉంది.

"పరుగులో నాలుగోవాణ్ణి అమ్మమ్మా. దండీలు యాభై తీశాను. ఛాతీ దగ్గర పంపించేశారు. అరంగుళం తక్కువట."

ఆమె మిషను ముందునుంచి లేచింది.

"ఎంతన్నారు?"

"ముప్పై ఒకటిన్నర."

"ఎవడు వాడు? ఆ టేపు తీసుకెళ్ళి కాలవలో పారెయ్యమను! ఇటు రా. చొక్కా విప్పు."

వాణ్ణి లాక్కెళ్ళి అద్దం ముందు నిలబెట్టింది. టేపు చుట్టింది. ముప్పై రెండూ ముప్పావు. గోడమీద అంకె ఎంతో అంతే.

"చూశావా!" అని గట్టిగా అరవబోయి, కిందికి చూసింది.

టేపుకీ వాడి వంటికీ మధ్య తన వేళ్ళు రెండున్నాయి.

ఎప్పుడు పెట్టింది? పెట్టలేదు. అవే వెళ్ళాయి. నలభై ఒక్క ఏళ్ళుగా ఏ ఒంటికి టేపు చుట్టినా, బట్ట బిగుతు కాకూడదని ఆ రెండు వేళ్ళూ లోపలికి పోతాయి. ఆరు నెలలు, ఇరవై ఆరు ఆదివారాలు, గోడనిండా సుద్ద అంకెలు. ఒక్కటీ నిజం కాదు.

వాడు అద్దంలో అంకెనే చూశాడు, వేళ్ళు చూడలేదు.

"నీ టేపు తప్పు చెప్పదమ్మమ్మా" అన్నాడు మెల్లగా. "వాళ్ళకి నన్ను తీసుకోవాలని లేదు, కొలత వంక పెట్టారు. ఇరవై ఒకటో రోజున మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళను. వెళ్తే మళ్ళీ అదే చేస్తారు. కమాండర్ వాళ్ళ బ్యాంకులో ఇంకో కాపలావాడు కావాలట, చేరిపోతా."

ఆమె వేళ్ళు వెనక్కి లాక్కుంది. టేపు చుట్టి డబ్బాలో పెట్టింది.

నోరు మూసుకుంటే చాలు. వీధి చివర ఉద్యోగం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాడు. ఆమె రెండు రోజులు నోరు మూసుకుంది. మిషను మీద మూడు గౌన్లు పాడు చేసింది.

మూడో రోజు పొద్దున వాడు గుమ్మంలో కూచుని, మోసపోయిన ముసలివాడిలా కమాండర్‌తో అంటున్నాడు: "అంతా దొంగలే సార్. నిజంగా కష్టపడినవాడికి ఎక్కడా చోటుండదు." ఇరవై ఏళ్ళ గొంతులో ఆ మాట వినలేకపోయింది.

"వాళ్ళు దొంగలు కార్రా" అంది మిషను దగ్గర్నుంచే. "దొంగని నేను. నా వేళ్ళు టేపు లోపల పెట్టి కొలిచాను. ఆరు నెలలూ."

కమాండర్ టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. మనవడు లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, ఆ రెండు వేళ్ళనూ తిప్పి తిప్పి చూశాడు. తిడతాడనుకుంది.

"అంటే, ఆరు నెలలూ నీ వేళ్ళని కూడా మోసుకుంటూ పరిగెత్తానన్నమాట!"

"నవ్వకురా. మొన్ననే చెప్పాల్సింది. చెప్పలేదు. నువ్వు వెళ్ళకూడదని."

వాడు నవ్వడం ఆపేశాడు. ఆమె తలమీద చెయ్యి వేశాడు. తర్వాత బూట్లు వెతుక్కున్నాడు.

పద్దెనిమిది రోజులు మిగిలాయి. వాడు దండీలు తీశాడు, బరువులెత్తాడు, మేడమెట్లు ఊపిరి బిగబట్టి ఎక్కాడు. ఆమె రోజూ కొలిచింది, వేళ్ళు బయట పెట్టి, టేపు వంటికి అంటించి. ఇరవయ్యో రోజున ముప్పై రెండూ పావు.

ఈసారి వాడు రాత్రి వచ్చాడు, మిఠాయి పొట్లంతో. ఇంటర్వ్యూలో అడిగారట, ఇరవై రోజుల్లో ఛాతీ ఎలా పెరిగిందని. ఉన్నదున్నట్టు చెప్పాడు. బల్ల వెనక నలుగురూ పగలబడి నవ్వారు. వాళ్ళలో లావుపాటి ఆఫీసరు, మీ అమ్మమ్మ కొట్టు ఎక్కడో చెప్పు, నా యూనిఫారం బిగుతుగా ఉంది అన్నాడట.

ఆమె కూడా నవ్వింది. చెప్పినందుకు సంతోషించింది కూడా.

వాడు శిక్షణకి వెళ్ళాడు. అక్కడినుంచి సరిహద్దు దగ్గర శిబిరానికి పంపారు. ఇల్లు వదిలిన పదకొండో నెలలో, వానలు మొదలైన వారం, మంగళవారం తెల్లవారుజామున, వాగు దాటుతున్న వాళ్ళ లారీ కొట్టుకుపోయింది. లారీలో ఆరుగురున్నారు. నలుగురు తిరిగి వచ్చారు. ఆమె మనవడు రాలేదు.