చల్లని పాలు, గోరువెచ్చని నూనె

విమలాదేవి గౌలిపుర గల్లీలో నిలబడి ఆ మాట అనకపోయి ఉంటే, రమాబాయి ఈ వ్యవహారంలో తలదూర్చేదే కాదు. మహిళా సంఘం చేసిన పాల సబ్బు ఇటుక రంగుకు తిరిగి మరుగుదొడ్డి వాసన కొట్టింది. అధ్యక్షురాలైన విమలాదేవి కారణం వెతకలేదు. పాలు పోసిన లలితమ్మ గుమ్మం ముందుకు వచ్చి, పాలలో ఏదో కలిపావని నలుగురూ వినేలా అంది. మరునాటి నుంచి ఆ నలుగురూ పాకెట్ పాలకు మారారు. బర్రెల మీదే బతికే లలితమ్మ ఇంట్లో పొద్దుటి పాలు సాయంత్రానికి కూడా క్యాన్లలోనే ఉండిపోయాయి.

రమాబాయి కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. రుజువు లేని నింద ఆమెకు గిట్టదు. సబ్బు ఎలా చేశారో సంఘంలో ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగింది. పచ్చిపాలు వాడటానికి ఎవరికీ మనసొప్పక కాచారు. పొయ్యి మీంచి దించీ దించగానే కాస్టిక్ సోడా పోశారు. పాల వేడికి సోడా పుట్టించే వేడి తోడైంది. దాన్ని కాగిన నూనెలో కలిపి, చాలదన్నట్టు అచ్చుకు దుప్పటి కూడా కప్పారు.

రమాబాయి లలితమ్మనూ విమలాదేవినీ తన వంటింటికి పిలిచింది, ఇంట్లో తాగే పాకెట్ పాలు విమలాదేవినే తెచ్చుకోమని చెప్పి. లలితమ్మ పాలను ముందురోజే పచ్చివిగా తీసుకుని ఫ్రిజ్‌లో గడ్డ కట్టించింది. ఆ ముక్కలు చూసి లలితమ్మ ముఖం మాడ్చుకుంది.

"పాలను గిట్ల రాయి చేస్తరా అమ్మా? మా అత్త సూస్తే నన్ను ఇంట్లకు రానియ్యకపోవు."

"మీ అత్త సబ్బు చెయ్యలేదు లలితమ్మా."

కిటికీలు తెరిచి, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, రమాబాయి మొదట పాకెట్ పాలు కాచింది. సంఘం చేసినట్టే వేడివేడి పాలలో కొద్దికొద్దిగా సోడా వేసింది. పాలు బుసబుస పొంగి, పసుపెక్కి, చూస్తుండగానే ఇటుక రంగుకు వచ్చాయి. విమలాదేవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. రమాబాయి ఖాళీ పాకెట్‌ను ఆమె ముందుకు జరిపింది.

తర్వాత లలితమ్మ పాలగడ్డలు. స్టీలు గిన్నెను మంచునీళ్ళలో దించి, సోడాను చిటికెడు చిటికెడుగా వేస్తూ కలిపింది. గడ్డలు కరిగాయి గాని థర్మామీటర్ ఇరవై డిగ్రీలు దాటలేదు. పాల రంగు వెన్న రంగు దగ్గరే ఆగింది.

విమలాదేవికి ఒక సందు దొరికింది. అయితే నూనె కూడా చల్లగానే పోసేయమంది. చలికాలపు పొద్దు, కొబ్బరినూనె డబ్బాలో పేరుకునే ఉంది. రమాబాయి ఆమె వైపు తిరిగింది.

"చల్లటి నూనె తనంతట తనే గట్టిపడుతది. సబ్బు అయిందని మీరు మోసపోతరు. సోడా అడుగున అట్లనే ఉండి చర్మాన్ని కాలుస్తది. నూనె ముప్పై ఎనిమిది, పాలు ఇరవై. నూనె వంతు ఎక్కువ గనుక, రెండూ కలిస్తే ముప్పై పైచిలుకు. నూనె పేరుకోదు, పాలు మాడవు."

కరిగించిన నూనె ఆ వేడికి దిగేదాకా ఆగి, రెంటినీ కలిపి, దోసెపిండిలా చిక్కబడేవరకు కవ్వంతో చిలికింది. అచ్చును ఫ్రిజ్‌లో పెట్టింది.

మరునాడు కోసిన సబ్బు మీగడ రంగులో ఉంది. విమలాదేవి ముక్కను తిప్పి తిప్పి చూసి, ఆరాక ఎగ్జిబిషన్‌కు ఇవే పెడదామని, అయిందేదో అయిందని అంది.

"కాలేదు. మాట గల్లీలో అన్నరు, గల్లీలోనే వాపస్ తీసుకోవాలె. అప్పటిదాక సంఘానికి నేను సబ్బు చెయ్య, ఇంకొకరికి నేర్పియ్య."

ఎగ్జిబిషన్‌లో సంఘం పేరిట దుకాణం అప్పటికే మాట్లాడుకున్నారు. విమలాదేవి చెప్పులు వేసుకుంది.

లలితమ్మ గుమ్మం ముందు ఆమె, పాల తప్పు లేదని, వేడి తప్పని, గొణిగినట్టు చెప్పింది. లలితమ్మ క్యాను కింద పెట్టి నడుము మీద చెయ్యి వేసుకుంది.

"జర గట్టిగ చెప్పు విమలక్కా. ఆ రోజు మస్తు గట్టిగ అన్నవు గద."

రెండోసారి చెప్పినప్పుడు ఎదురింటి మేడ మీది ఆమె కూడా కిందికి తొంగిచూసింది. ఇద్దరు రేపటి నుంచి పాలు పోయమన్నారు. చేతిలో పాల పాకెట్ ఉన్న ఒకామె మాత్రం లోపలికి వెళ్ళిపోయింది.

వెనకే వచ్చిన రమాబాయి ఆ ఇల్లు ఎవరిదో కనుక్కుని, మీగడ రంగు ముక్కా, సంఘం మొదట చేసిన ఇటుక రంగు ముక్కా రెండూ పట్టుకుని, వెళ్ళి ఆ తలుపు తట్టింది.