ముఖాల హాజరు

పుష్పలతను పూడ్చిపెట్టిన మర్నాడు ఉదయం అయిదున్నరకు ఆమె డ్యూటీకి హాజరు పడింది.

జ్ఞానమణి ఆ సంగతి కళ్ళారా చూసింది. తిరువూరు బస్టాండు వెనక, చెత్త ట్రాక్టర్లు నిలిపే షెడ్డు ముందు ఎప్పటిలాగే రెండు వరసలున్నాయి. ఒక వరసలో ఇస్త్రీ చొక్కాలు, మోటారు సైకిళ్ళు. రెండో వరసలో చీపుళ్ళు, పారలు. మొదటి వరసలో మణికంఠ వంతు వచ్చింది. అతను హెల్మెట్ తీసి, జుట్టు సర్దుకుని, మేస్త్రీ అనిల్ కుమార్ పట్టుకున్న ఫోన్లోకి చూశాడు. ఫోను ముఖాన్ని గుర్తుపట్టి పచ్చ టిక్కు పెట్టింది.

"అయిపోయిందా? నే వెళ్ళనా?" అన్నాడు. బండి తిప్పుకుంటూ ఏదో గుర్తొచ్చి ఆగాడు. "అవునూ, ఇవాళ్టి నుంచి నా వీధులు ఎవరు ఊడుస్తారు?"

వెటకారంగా అన్న మాట కాదు. నిజంగానే తెలియక అడిగాడు.

"రూతూ, రెండ్రోజులు నువ్వు చూసుకో," అన్నాడు మేస్త్రీ, ఫోను మీంచి తల ఎత్తకుండా.

ఆ వరసలో అందరికంటే పెద్దది రూత్. "నా వీధులకే నడుం పడిపోతోంది. చచ్చినదాని వీధులు కూడా నాకేనా?" అంది.

"మరి ఆవిణ్ణి లేపుకొస్తావా?"

జ్ఞానమణి చీపురు తీసుకుని మెయిన్ రోడ్డు మీదికి నడిచింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. చల్లనీళ్ళలో చాలాసేపు నానిన వేళ్ళలాగా లోపలంతా తిమ్మిరెక్కి ఉంది.

ఈ రెండు వరసల సంగతి బయటివాళ్ళకు చెబితే నమ్మరు. ఊరి పారిశుధ్యం పనిని రాజేంద్రప్రసాద్ అనే కాంట్రాక్టరు తీసుకున్నాడు. పోస్టులు ప్రభుత్వానివి, జీతం ప్రభుత్వానిది, మనుషుల్ని పెట్టడం మాత్రం అతని చేతిలో పని. జెండా మోసినవాడికి ఒక పోస్టు, ఎలక్షన్లో పోలింగ్ బూత్ చూసుకున్నవాడికి ఒకటి, లీడరు బావమరిదికి ఒకటి. వాళ్ళెవరూ చీపురు పట్టరు. పట్టడానికి కాలనీ ఆడవాళ్ళు ఇరవై ముగ్గురున్నారు. పేరు వాళ్ళది, పని వీళ్ళది, వచ్చే జీతం చెరిసగం. పుష్పలత ఊడ్చింది మణికంఠ పేరు మీద. జ్ఞానమణి ఎనిమిదేళ్ళుగా ఆ లీడరు బావమరిది శ్రీనాథ్ పేరు మీద ఊడుస్తోంది. ముఖం చూసి హాజరు వేసే ఫోన్లు వచ్చినప్పుడు, ఇంక ఈ దొంగ పేర్లకు కాలం చెల్లిందని సంబరపడింది. ఏదీ చెల్లలేదు. పేర్లవాళ్ళు తెల్లవారుజామున లేవడం నేర్చుకున్నారు, అంతే.

ఈ పనికి రాకముందు జ్ఞానమణి పదేళ్ళు ఆకుకూరల గంప ఎత్తుకుని తిరిగింది. గంప ముందు మనిషి వంగిన తీరును బట్టే, కొనేవాడో గిల్లి చూసి పోయేవాడో పసిగట్టేది. ఒక్క గోంగూర కట్ట కూడా ఎవరి మాయమాటలకూ ఇచ్చి ఎరగదు. అలాంటి మనిషి తన రెండు చేతుల్ని ఇంకొకడి పేరుకు ఎలా ఇచ్చేసింది? "పేరు తర్వాత మారుద్దాం, ముందు చేరక్కా," అని అనిల్ కుమార్ చెప్పాడు. షెడ్డు దగ్గర చెబితే నమ్మేది కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక, బైబిలు చంకలో పెట్టుకుని, చర్చి మెట్ల మీద చెప్పాడు. ఆ చోటును చూసి సరుకు నమ్మింది. ఇరవై ముగ్గురూ ఆ మెట్ల మీదే నమ్మారు.

అనిల్ కుమార్ కాలనీ చర్చికి కార్యదర్శి. కాలనీని అదుపులో పెట్టే మనిషి కోసం కాంట్రాక్టరు వెతికితే అతను దొరికాడు. అలా కార్యదర్శి కాబట్టి మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ కాబట్టి ఏటేటా మళ్ళీ కార్యదర్శి అవుతున్నాడు. ఏడాదికోసారి పాస్టరు గారు కొత్త సంఘ పెద్దల పేర్లు చదువుతారు. ఆ లిస్టు ఎవరు రాశారని అడిగేవాళ్ళుండరు. చదవడం అయ్యాక అందరూ "ఆమేన్" అంటారు. ఎన్నిక అంటే అక్కడ అదే. జ్ఞానమణి కూడా ఏటా ఆమేన్ అంది.

మూడో రోజు సాయంత్రం పుష్పలత ఇంటి ముందు టార్పాలిన్ కింద ఆదరణ కూటం పెట్టారు. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టరు గారు, మేస్త్రీ టీ తాగి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు మిగిలారు. పుష్పలత కూతురు ప్రత్యూష డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ఆ పిల్ల లోపల్నించి ఒక కార్డు తెచ్చి చాప మీద పెట్టింది. కార్మికులకు వైద్యం కోసం ఇచ్చే కార్డు. దాని మీద మణికంఠ ఫొటో ఉంది.

"కాలవలో గాజుపెంకు దిగి అమ్మకి కాలు చీము పట్టింది. మీకందరికీ తెలుసు," అంది ప్రత్యూష. "ఆసుపత్రిలో కార్డు అడిగారు. మణికంఠ ఇంటికెళ్ళి బతిమాలి తెచ్చా. 'ఫొటోలో మగాడున్నాడు, మంచం మీద ఆడమనిషుంది, నాటకాలాడుతున్నారా?' అన్నారు. అక్కణ్ణుంచి ఇంకో ఆసుపత్రికి, అక్కణ్ణుంచి బెజవాడకి. మూడు రోజులు తిప్పాను. ఇప్పుడు పరిహారం సంగతేంటని మేస్త్రీని అడిగితే ఏమన్నాడో తెలుసా? పనిలో ఎవరూ చనిపోలేదంట. అందరూ హాజరేనంట."

కార్డు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళింది.

"అయితే ఏం చేద్దామంటావే?" అంది రూత్. "సగమైనా వస్తోంది. అదీ పోతే నువ్వు పెడతావా కూడు?"

"సగం వస్తోందని కాదు పెద్దమ్మా, సగం పోతోందని చూడు. రేపు నువ్వు పోయినా హాజరు పడుద్ది."

"నన్నెందుకే చంపుతావ్ మధ్యలో!"

"మనం మానేస్తే ఎ.కొండూరు నుంచి ఆటోల్లో మనుషుల్ని దింపుతారు," అంది వెనకనుంచి ఒకామె.

"దింపనీ," అంది జ్ఞానమణి. "వాళ్ళూ ఇంకొకడి పేరుకే వస్తారుగా. ఆటో దిగంగానే ఈ కార్డు చూపిద్దాం. రేపట్నుంచి మనం చీపురు పట్టొద్దు. హాజరు పడినోళ్ళే ఊడవనీ."

"శ్రీనాథ్ బాబు కాలవ తోడుతుంటే నాకు చూడాలనుంది," అంది రూత్. ఆ చావు ఇంట్లో మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వు వినపడింది.

రెండు మాటల మీద నిలబడదామనుకున్నారు. పని చేసేవాళ్ళ పేర్లే రిజిస్టరులో ఉండాలి. పుష్పలత పనిలో చనిపోయిందని కాగితం మీద రాయాలి.

మర్నాడు రెండో వరస లేదు. మొదటి వరస వచ్చింది, ముఖాలు చూపించింది, వెళ్ళిపోయింది. నాలుగు రోజులు అదే తంతు. ఫోను లెక్కలో ఒక్కరు కూడా గైర్హాజరు లేరు. ఊళ్ళో మాత్రం కాలవలు పొంగి రోడ్డెక్కాయి. మామిడి కాయల సీజను. మార్కెట్టు మలుపులో కుళ్ళిన కాయల మీద ఈగలు దట్టంగా ముసిరాయి. ఎ.కొండూరు నుంచి రెండు ఆటోలు నిజంగానే వచ్చాయి. ప్రత్యూష కార్డు పట్టుకుని ఎదురెళ్ళింది. ఒక ఆటో వెనక్కి తిరిగింది. రెండో ఆటోలోవాళ్ళు సగం వీధి ఊడ్చి, ఎవరి పేరు మీద ఊడుస్తున్నామని మేస్త్రీనే అడిగారు. మధ్యాహ్నానికి వాళ్ళూ పోయారు.

కిరాణా కొట్టు వెంకటప్పయ్య ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. "మీ గొడవలేవో మీరు చూసుకోండమ్మా. మధ్యలో మా వ్యాపారాలేం చేశాయి? కొట్టు గడప తొక్కేవాడు లేడు."

"అందరూ హాజరేనండి షావుకారు గారూ," అంది జ్ఞానమణి. "మీ వీధి శ్రీనాథ్‌ది. ఫోన్ చేసి పిలవండి."

వెంకటప్పయ్య ఆమెను ఎగాదిగా చూశాడు. "శ్రీనాథ్ ఏంటి? ఎనిమిదేళ్ళుగా ఊడుస్తోంది నువ్వేగా?"

"ఆ మాటే కాగితం మీద రాసిమ్మంటే ఇస్తారా?"

ఆయన కొట్లోకి వెళ్ళిపోయాడు. ఆయన అల్లుడికి మార్కెట్ కమిటీలో పదవి వచ్చింది కూడా ఏదో ఒక లిస్టులోంచే.

అయిదో రోజు కాంట్రాక్టరు జ్ఞానమణికి కబురు పెట్టాడు. ఏసీ గదిలో అనిల్ కుమార్ నిలబడి ఉన్నాడు. రాజేంద్రప్రసాద్ ఆమెకు కుర్చీ చూపించాడు. ఎనిమిదేళ్ళలో అది మొదటిసారి.

"చూడమ్మా జ్ఞానమణీ, నువ్వు లోకం చూసిన మనిషివి. ఇరవై మందికి ఒకేసారి పోస్టులంటే నా తరం కాదు, పైన లీడర్లు ఊరుకోరు. నీ ఒక్కదానికయితే మాట ఇస్తా. వచ్చే నెల నుంచి నీ పేరు, నీ ముఖం, పూర్తి జీతం. వాళ్ళని పనిలోకి పంపించు."

"ఆదివారం సంఘ పెద్దల లిస్టులో కూడా నీ పేరు పెడుతున్నాం అక్కా," అన్నాడు అనిల్ కుమార్. "మన కాలనీలో ఆడమనిషి పెద్ద కావడం ఇదే మొదలు. ఎంత గౌరవమో ఆలోచించుకో."

జ్ఞానమణి ఆలోచించుకుంది. ఆమెకు కావలసింది సరిగ్గా అదే. ఎనిమిదేళ్ళుగా కలలోకి వచ్చింది కూడా అదే. పూర్తి జీతం, కార్డు మీద తన ఫొటో. ఎదుటివాడు గంపలోంచి ఒక్క మంచి కట్ట ఏరుకుని, మిగతా గంప వాడిపోయేదాకా చూస్తున్నాడని కూడా ఆమెకు అర్థమైంది. అయినా కాదనలేకపోయింది. అవుననీ అనలేదు. గది చల్లగా ఉంది. లేచి నమస్కారం పెట్టి వచ్చేసింది. వాళ్ళకు ఆ నమస్కారం చాలింది.

ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు రూత్‌తో, ప్రత్యూషతో కలిసి షెడ్డు ముందు కూర్చుంది, వాళ్ళు తెచ్చిన అన్నం తింది. ముద్ద గొంతు దిగుతున్నా రుచి తెలియలేదు.

ఆదివారం చర్చి నిండింది. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు కాగితం విప్పారు. కార్యదర్శిగా అనిల్ కుమార్. పాత పేర్లే ఇంకో అయిదు. "ఏడవ పెద్దగా, ప్రభువు ప్రేరేపణను బట్టి, సహోదరి జ్ఞానమణి."

స్త్రీల వైపు తలలన్నీ ఒక్కసారి తిరిగాయి. పక్కనే కూర్చున్న రూత్ ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఏంటే ఇది? ఏం ఇచ్చారే నీకు?"

జ్ఞానమణి లేచి నిలబడింది.

"అయ్యగారూ, ప్రేరేపణ ప్రభువుది కాదండి. కాంట్రాక్టరుది. నాకు పోస్టు ఇస్తానన్నాడు, వీళ్ళందర్నీ పనిలోకి పంపమన్నాడు. ఈ పెద్దరికం దాని మీద కొసరు. నేను కాదన్లేదు. ఆశపడ్డాను. రెండ్రోజులు వీళ్ళ అన్నం తింటూ దాచాను. నా పేరు కొట్టేయండి."

"ఇది దేవుని మందిరం, నీ యూనియన్ ఆఫీసు కాదు," అని అనిల్ కుమార్ లేచాడు.

"నువ్వు మాకు చీపుళ్ళిచ్చింది ఈ మందిరం మెట్ల మీదే కదయ్యా," అంది రూత్. జ్ఞానమణి మోచెయ్యి ఇంకా వదల్లేదు.

పాస్టరు గారు చెమట తుడుచుకున్నారు. ఆయన్ని ఇక్కడ వేసింది చర్చి పైఅధికారులు. ఉంచడమో తీయడమో అనిల్ కుమార్ రాసే ఉత్తరాన్ని బట్టి ఉంటుంది. "పేర్లు చదవడమైంది. సంఘమంతా ఆమేన్ చెప్దాం," అన్నారు.

ఎవరూ అనలేదు.

వినపడలేదేమోనని ఆయన మైకు దగ్గరికి జరిగి మళ్ళీ అడిగారు. స్త్రీల వైపు ఇరవై రెండు నోళ్ళు మూసుకునే ఉన్నాయి. వాళ్ళ వెనక తల్లులు, కోడళ్ళు. అటుపక్క మగవాళ్ళు నేలకేసి చూస్తున్నారు. మూడోసారి అనిల్ కుమార్ ఒక్కడే "ఆమేన్" అన్నాడు. మైకులో ఆ ఒక్క గొంతు పెద్దగా మోగింది. పాస్టరు గారు కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. ఆ ఏడాది ఆ సంఘానికి పెద్దలు లేరు.

సోమవారం అయిదింటికే ఆడవాళ్ళు షెడ్డు ముందు బైఠాయించారు. ముఖాలు చూపించేందుకు వచ్చినవాళ్ళకు ఫోను దాకా దారి లేదు. మణికంఠ కొంతసేపు నిలబడి వెళ్ళిపోయాడు. శ్రీనాథ్ ఎవరికో ఫోన్ చేశాడు. ఏడింటికి పోలీసు వ్యాను వచ్చింది.

"ఎవరు మీ లీడరు?" అన్నాడు ఎస్సై.

జ్ఞానమణి లేచింది. ఆమె వెనకే ప్రత్యూష.

"ఏమ్మా, నిన్ను లీడరుగా ఎవరు పెట్టారు? ఏ పార్టీ?"

"నన్నెవరూ పెట్టలేదండి," అంది జ్ఞానమణి. "పెడతామన్నోళ్ళకి వద్దని చెప్పేశా."

"మేం పెట్టాం సార్," అని రూత్ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "కేసు రాస్తే అందరి మీదా రాయండి. ఒక్కదాని మీద రాస్తే మేం కదలం."

వ్యానులో ఎనిమిది మందే పట్టారు. మిగతావాళ్ళు మెయిన్ రోడ్డు మీద ఆ చెత్త మధ్యలోంచే వ్యాను వెనక నడిచారు. కొట్ల వాళ్ళు షట్టర్లు సగం ఎత్తి చూశారు. విస్సన్నపేట ఆటోలు పక్కకి తప్పుకుని దారిచ్చాయి. స్టేషన్ గుమ్మంలో కానిస్టేబుల్ బల్ల వేసుకుని, తెల్లకాగితం తీసి, ఒక్కొక్కరినే పేరు చెప్పమన్నాడు.

"జ్ఞానమణి. చేసేది ఊరు ఊడ్చే పని. ఎనిమిదేళ్ళు."

అతను రాశాడు.

"రూత్. అదే పని. పద్నాలుగేళ్ళు. సరిగ్గా రాయి నాయనా, పద్నాలుగు."

అతను రాశాడు. ఆ వరసలో వాళ్ళ సొంత పేర్ల పక్కన వాళ్ళు చేసే పని ప్రభుత్వం కాగితం మీద పడటం అదే మొదటిసారి. ప్రత్యూష వంతు వచ్చినప్పుడు తన పేరు చెప్పి, దాని కింద ఇంకో పేరు కూడా రాయమంది. "పుష్పలత. పదకొండేళ్ళు. పనిలో చనిపోయింది."

"చనిపోయినామె మీద కేసెలా రాస్తారమ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

"కేసు కాదు. ఈ వరసలో మనిషి. రాసేదాకా నేను జరగను."

వెనకున్నవాళ్ళెవరూ తొందరపెట్టలేదు. కానిస్టేబుల్ లోపలికి చూశాడు. ఎస్సై ఫోన్లో ఉన్నాడు. కానిస్టేబుల్ తల వంచుకుని రాశాడు. కాగితం నిండిపోయింది. ఇంకో కాగితం తెమ్మని లోపలికి కేక వేశాడు. వరసలో ఇంకా పదకొండు మంది ఉన్నారు.