మంగతాయారు ఇంటి బెల్లు

నేను ఒక కాలింగ్ బెల్‌ని. నాది కోయిల గొంతని డబ్బా మీద రాశారు. ఏ కోయిలైనా ఒక్కసారి విని ఉంటే నన్ను చేసినవాళ్ల మీద పరువునష్టం దావా వేసేది. నా మీట గుమ్మం బయట, గొంతు లోపల. అందుకే తలుపుకి రెండు వైపులా ఏం జరుగుతుందో నాకు తెలుస్తుంది. అదే నా ప్రాణం మీదికి తెచ్చింది.

ఎక్కడో రేకుల షెడ్డులో నలుగురు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ నా తీగలు అతికించి మూత బిగించారు. మొదట కాకినాడలో ఒక లాయరుగారింట్లో పదకొండేళ్లు పనిచేశాను. నేను మోగగానే అక్కడ టీవీ చప్పుడు తగ్గేది, కిటికీ తెర రెండు వేళ్లు జరిగేది. వచ్చినవాడు పనికొచ్చే మనిషైతే "రండి రండి". కాకపోతే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి ఇంట్లో లేనట్టు కూర్చునేవారు. ఆఖరికి వాళ్లు కెమెరా ఉన్న బెల్లు పెట్టించుకున్నారు. ఎలక్ట్రీషియన్ నన్ను పారేయకుండా సంచిలో వేసుకుని, రైల్వే గేటు దగ్గర ఒక అద్దె ఇంటికి బిగించాడు.

ఆ ఇంట్లోకి ముగ్గురు ఆడవాళ్లు దిగారు. బుద్ధి ఎదగలేదని చిన్నప్పుడే డాక్టరు చేత కాగితం రాయించుకుని, ఊరవతల పెద్ద హాస్టల్లో పెరిగినవాళ్లు. వాళ్లలో పెద్దావిడ మంగతాయారుకి నలభై రెండేళ్లు. అందులో ముప్పై ఆరేళ్లు ఆ హాస్టల్లోనే గడిచాయి. అక్కడ నూట ఇరవై మంచాలు ఉన్నాయి కానీ లోపల వేసుకోవడానికి ఒక్క గడియ లేదు. చీర మార్చుకుంటున్నా సరే, ఎవరు పడితే వాళ్లు తలుపు తోసుకుని వచ్చేసేవాళ్లు. ఆ హాస్టల్ నడిపే సంస్థే, వీళ్లను ఊళ్లో అందరిలాగా ఒక ఇంట్లో ఉంచి చూద్దామనుకుంది. పగలు తోడుగా సువార్త అనే ఆమెను పెట్టింది. రాత్రి పడుకోవడానికి ఇంకొకావిడ వచ్చి, తెల్లారగానే వెళ్లిపోయేది.

సువార్తకి ఒక పట్టుదల ఉంది. తాళంచెవి సంచిలో ఉన్నా తీయదు. మీట నొక్కి నిలబడుతుంది. మొదటిరోజు నేను మోగితే లోపల ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తమకోసం ఎవరైనా బెల్లు కొడతారని వాళ్లకెలా తెలుస్తుంది? నలభై నిమిషాలు ఎండలో నిలబడి సువార్త కిటికీలోంచి చెప్పింది: "తాయారుగారూ, ఇది మీ ఇల్లండి. మీరు తీత్తేనే నేను వత్తాను."

మొదటి మూడు రోజులూ చివరికి తాళంచెవితోనే రావాల్సొచ్చింది. నాలుగోరోజు తాయారు తీసింది. తలుపు వారగా తీసి, ఆ తలుపు వెనకే దాక్కుంది. నెల తిరిగేసరికి నేను మోగితే చాలు, చేతిలో ఏమున్నా పక్కన పెట్టి, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేది. "ఎవరండీ?" అనేది. వచ్చినవాళ్లు పేరు చెప్పి "లోపలికి రావచ్చా?" అని అడగాలి. అప్పుడు "రండి" అని గ్లాసుతో నీళ్లిచ్చేది. గ్యాస్ బండ తెచ్చినవాడు కూడా రావచ్చా అని అడిగి, నీళ్లు తాగి వెళ్లేవాడు. పక్కింటావిడ వీళ్లు ఎలా ఉంటారో చూసిపోదామని వస్తే, ఆవిడకీ రండి, నీళ్లు. నా మోతకి ఇంత మర్యాద ఉంటుందని నేను ఎన్నడూ అనుకోలేదు. గర్వపడ్డాను. ఎందుకు దాచాలి?

రెండేళ్లు అలా గడిచాయి. ఆ తర్వాత సంస్థకి కొత్త మేనేజరు వచ్చాడు. అందర్నీ ఒక్కచోట ఉంచితే చూసుకోవడం తేలికని ఆయన అభిప్రాయం. ఒకరోజు స్వయంగా ఇల్లు చూడటానికి వచ్చాడు. తాయారు ఇచ్చిన నీళ్లు తాగుతూనే, తాయారు ఎదురుగా ఉండగానే, సువార్తని అడిగాడు: "ఈవిడ తనంతట తను స్నానం చేస్తుందా? అరుస్తుందా?" తాయారు ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాచి నిలబడే ఉంది. ఆమెను మాత్రం ఏమీ అడగలేదు. ఎక్కడో ఉన్న తాయారు అన్నగారు, ఆమెను మళ్లీ హాస్టల్లో పెట్టడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టాడు. దాంతో అయిపోయింది.

ఆఖరి సాయంత్రం సువార్త మీట నొక్కి, తలుపు తీశాక కూడా లోపలికి రాలేక మెట్టు మీదే కూలబడింది. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

"రేపు వ్యాను వత్తాదండి తాయారుగారూ. హాస్టలుకి."

"సాయంత్రానికి వచ్చేత్తామా?"

సువార్త కొంగు నోట్లో కుక్కుకుంది. తాయారు లోపలికెళ్లి నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

మా వీధిలో కరెంటు రోజుకి మూడుసార్లు పోతుంది. మర్నాడు పొద్దున్న ఒక్కసారి పొమ్మని దాన్ని బతిమాలుకున్నాను. తీగలు కాలిపోవాలని, నా గొంతు పూడుకుపోవాలని కోరుకున్నాను. వ్యాను డ్రైవరు వీరబాబు వచ్చి మీట నొక్కాడు. శుభ్రంగా మోగాను.

తాయారు వచ్చింది. "ఎవరండీ?"

"వీరబాబునమ్మా. హాస్టలు వ్యాను." ఆమె కదలకుండా చూస్తుంటే, అతనికేం తోచిందో, అడిగాడు: "లోపలికి రావచ్చా?"

తాయారు అలవాటుగా నీళ్ల కోసం వెనక్కి తిరగబోయి ఆగింది.

"వద్దు."

తలుపు వేసేసింది. ఆ మాట ఆమెకు ఎవరూ నేర్పలేదు. సువార్త కూడా నేర్పలేదు. ఇన్నాళ్లూ మేమంతా తలుపు తీయడమే నేర్పాం. లోపల తాయారు గడియ పెట్టి దాన్ని వదలకుండా పట్టుకుంది. వెనక మిగతా ఇద్దరూ గోడకి అతుక్కుపోయి ఉన్నారు.

వీరబాబు మెట్టు దిగి ఫోన్ చేశాడు. "ఆవిడ వద్దంటన్నారండి... లేదండి, సువార్త లేదు, ఆవిడే అన్నారు."

ఫోన్‌లో మేనేజరు గొంతు నాకు వినబడింది. "ఆవిడ అనేదేంటయ్యా? వాళ్లన్నయ్య సంతకం ఉందిగా. మళ్లీ కొట్టు."

వీరబాబు ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ మెట్టెక్కాడు. అతనికీ నచ్చినట్టు లేదు. కానీ అతని ఉద్యోగం అతనిది, నా ఉద్యోగం నాది. వేలు ఆనించాడు. మోగాను.

లోపల గడియ మీద చెయ్యి బిగుసుకుంది. ఆ చేతిని కొయ్య చేసైనా ఆపమని దేవుడికి మొక్కుకున్నాను. ఆమె కళ్లు తుడుచుకుంది. జుట్టు సర్దుకుంది. బెల్లు మోగితే తలుపు తీయాలి కదా. తాయారు గడియ తీసి, "ఎవరండీ?" అంది.