పెద్ద పన్నా

"ఏ పన్నా ఇమ్మంటారమ్మా? వెడల్పు నలభైనాలుగు అంగుళాలదా, తొంభైదా?" అన్నాడు బట్టల కొట్టాయన, రెండు తానులూ బల్ల మీద దొర్లిస్తూ.

ఎప్పుడూ చిన్న పన్నాయే నాది. రెండు ముక్కలు అతికి బొంతకు అడుగుబట్ట వేస్తాను. నడిమధ్యన నిలువునా కుట్టు వస్తుంది. నా దగ్గర బొంతలు కుట్టించుకునే నర్సమ్మకు ఆ కుట్టే పడటం లేదు. "సాదా వైపు పైకి వేసుకుని పడుకుంటే వెన్నులో ఒత్తుకుంటోంది తల్లీ. అతుకు లేకుండా కుట్టలేవా? కుదరదంటే వేరేవాళ్లకిచ్చుకుంటాలే" అంది. ఆ మాట పొద్దుటినుంచీ నోట్లో ఉప్పురాయిలా ఉంది.

కుట్టడం రాక కాదు. పెద్ద పన్నాను నేల మీద పూర్తిగా పరిచి, దాని మీద దూది, ఆ పైన ముక్కల బట్ట వేసి, కదలకుండా దూరదూరంగా టాకాలు వేయాలి. నాకున్న చోటు మంచానికీ బీరువాకీ మధ్య సందు. ఒకసారి అక్కడే మడతపెట్టి కానిస్తే, అడుగున ముడతలన్నీ కుట్టులో పడిపోయాయి. విప్పడానికి నాలుగు రోజులు పట్టింది. హాల్లో పరుచుకుంటానంటే మా ఆయన నవ్వారు. "బొంతకి హాలు, దిండుకి మేడానా? ఆదివారం మావాళ్లొస్తే క్యారమ్స్ ఎక్కడాడాలి, నీ నెత్తి మీదా?" అత్తయ్య అందుకున్నారు. "మేం కుట్టుకోలేదూ? ఇల్లంతా పీకామా?" ఆ హాలు రెండుపూటలా తుడిచేది మాత్రం నేనే. ఇన్నేళ్లూ పన్నా నేనే ఎంచుకుంటున్నాననుకున్నాను. ఎంచింది ఆ సందు.

"పెద్దదే కోయండి" అన్నాను.

ఆదివారం పొద్దున్నే సోఫా గోడకు నెట్టి బట్ట పరిచాను. సగం టాకాలు పడేసరికి ఆయన, ఇద్దరు స్నేహితులు, బోర్డుతో సహా గుమ్మంలోకొచ్చారు.

"ఏంటిది? కాలెక్కడ పెట్టాలి?"

"గోడవారగా రండి."

"ముందు తియ్యవే!"

"ఇప్పుడు తీస్తే అంతా ముడతలే. సాయంత్రం దాకా ఇంతే."

అత్తయ్య వచ్చి నిలబడ్డారు. ఇక మొదలనుకున్నాను. ఆవిడ బట్ట వంకే చాలాసేపు చూసి, "ఆ మూల వదులైంది, లాగు" అన్నారు.

స్నేహితుల్లో ఒకాయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. ముగ్గురూ బోర్డు నెత్తికెత్తుకుని, గోడకు వీపులు రాస్తూ పెరట్లోకి నడిచారు.

నేను బట్ట మధ్యలో కూర్చునే నర్సమ్మకు ఫోన్ చేశాను. "గురువారం వచ్చి తీసుకెళ్లండి. ఇంకెవరైనా అడిగితే పంపండి. ఆదివారాలు హాలు నాదే."