ఎడమకి తిరిగిన వెలుగు

నేను ఒక పోలారిమీటర్‌ని. ఆ మాట తీరిగ్గా చెప్పుకుందామంటే, క్వాలిటీ మేనేజర్ చిదంబరరావు నా బల్ల మీద దబ్బున గుద్దాడు.

"కుడికి తిప్పాల్సిన మందు ఎడమకి తిప్పింది! రియాక్టర్‌లో ఏం పోసి తగలేశావమ్మా తబితా?"

గేటు దగ్గర లారీ ఎదురుచూస్తోంది. అందులో ఎక్కాల్సింది కంటి చుక్కలకు వాడే క్లోరాంఫెనికాల్ పొడి. దాన్ని తయారుచేసిన కెమిస్టు తబిత. రాజీనామా కాగితం ఆమె ముందుకు తోసి, పెన్ను మూత కూడా ఆయనే తీసి ఇచ్చాడు.

గొడవేమిటంటే, కొన్ని అణువులకు మీ రెండు చేతుల్లాగే జంట రూపాలుంటాయి. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ. ఇక్కడ ఒక రూపమే మందు, దాని బొమ్మ ఒట్టి దండగ. మీ కంటికి రెండూ ఒకే తెల్లపొడి. నేను మాత్రం సోడియం దీపపు పసుపు వెలుగును వడగట్టి, గొట్టంలోని ద్రావణం గుండా పంపుతాను. ఒక రూపం ఆ వెలుగును కుడికి మెలితిప్పితే, దాని బొమ్మ అంతే ఎడమకి తిప్పుతుంది.

నేను సైన్సు పరికరాలు చేసే అంబాలాలో ఇత్తడికీ గాజుకీ పుట్టాను. మొదటి కొలువు గుంటూరులో ఒక కాలేజీ. అక్కడి పిల్లలు ముందు పుస్తకంలో జవాబు చూసి, తర్వాత నాలోకి చూసేవారు. చిత్రంగా అందరికీ సరిగ్గానే వచ్చేది! తర్వాత వేలంలో జీడిమెట్లలోని ఈ మందుల కంపెనీకి చేరాను. డిజిటల్ యంత్రం రాగానే నన్ను అటక ఎక్కించారు. ఇవాళ అది మూలపడితే దించారు.

తబిత పెన్ను ముట్టుకోలేదు. నా కంటికి కన్ను ఆనించి చూసింది. స్కేలు చూసి, మళ్లీ చూసింది.

"సార్, అద్దంలో మనిషి మనకన్నా పొడుగ్గా కనబడతాడా?"

"ఇదేం ప్రశ్న?"

"ఇది అద్దంలో రూపమే అయితే, కుడికి తిరగాల్సినంతే ఎడమకి తిరగాలి కదండీ? అంతకంటే ఎక్కువ తిరిగింది."

"అయితే ఏంటి, దయ్యం పట్టిందా?"

పక్కనున్న ఎనలిస్టు యాదగిరి బెదిరిపోయాడు. "నా మీదికి తేకుండ్రి మేడమ్. తూచి ఇచ్చిన, గొట్టంల పోసి చూసిన. గంతే."

తబిత పొద్దున పొడి కరిగించిన ఫ్లాస్కు మూత తీసి వాసన చూసింది. తియ్యటి పండ్ల వాసన. వెంటనే స్టోరుకు పరుగెత్తింది. ఎక్సైజు వాళ్ల భయానికి అక్కడ ఆల్కహాల్ బీరువాలో తాళం వేసి ఉంటుంది. తాళంచెవి స్టోర్‌కీపర్ మొలతాడుకి. ఆ మహానుభావుడు అప్పుడే వచ్చాడు.

అదే పొడి, అదే తూకం, ఈసారి పద్ధతి ప్రకారం ఆల్కహాల్‌లో. యాదగిరి నా మర తిప్పాడు. నాలో కనబడే గుండ్రటి వెలుగులో రెండు సగాలూ సమానమయ్యాయి.

"కుడికి! లెక్క కరెక్టుగ ఉంది మేడమ్!"

"మందుకేం కాలేదు సార్," అంది తబిత. "ఆ పండ్ల వాసన ఇథైల్ ఎసిటేట్‌ది. దాంట్లో కరిగిస్తే ఇదే అణువు ఎడమకి తిప్పుతుంది. పొద్దున దీన్ని అందులో కలిపారు."

చిదంబరరావు ముఖం రంగు మారింది. గొంతు మాత్రం తగ్గలేదు. "యాదగిరీ! నీకు బుద్ధుందా?"

యాదగిరి నా మర వదిలి తలెత్తాడు.

"నన్నంటరేంది సార్? తాళంచెవి లేదంటే, 'ఏదైతే ఏంటయ్యా, కరిగితే చాలు' అని సీసా తీసి పోసింది మీరే, చిదంబరరావు సార్!"